కరక్కాయ సిరాతో అమ్మ బొమ్మ

యూనివర్సిటీ ల్యాబ్‌లో నా పని పాత పెన్ను బొమ్మల సిరాలను పరీక్షించడం. పుట్టుకతో చిన్నదైన ఎడమ కన్ను మూసి, కుడి కంటితో మైక్రోస్కోపులోకి చూస్తూ ఎవరెవరి తాతలో గీసిన గీతల జాతకం చెప్తుంటాను. అమ్మ బొమ్మను మాత్రం తార్నాకలో అక్క ఇంటి గోడకే వదిలేశాను. ఈమధ్య దాని చెంప దగ్గర కాగితం చిట్లింది. అది చూశాక నాకు నిద్ర పడితే ఒట్టు.

ఆ బొమ్మ పెళ్ళయిన కొత్తలో నాన్న గీసింది. ఆయన డ్రాయింగ్ మాస్టారు. కరక్కాయలు నానబెట్టి, అన్నభేది అనే ఇనుప లవణం కలిపి సిరా తనే తయారుచేసుకునేవాడు. నాకు ఏడాది నిండకముందే అమ్మ పోయింది. ఫొటో ఒక్కటీ లేదు. ఏటా అమ్మ జ్ఞాపకార్థ కూడికకు ముందు నాన్న బొమ్మను దించి, నాకంటే చాలా పెద్దదైన అక్క చెయ్యి పట్టుకుని, వెలిసిన ముఖం గీతల్ని దిద్దించేవాడు. ఆయన పోయాక అక్క ఒక్కతే దిద్దుతోంది. నాకు ఊహ తెలిసేసరికే ఎడమ కన్ను ఉండాల్సిన చోట చిల్లు ఉండేది. పురుగు కొట్టిందనుకున్నాం.

అక్కను బతిమాలి, కసిరి, చివరికి బొమ్మను ఒళ్ళో పెట్టుకుని ఆటోలో క్యాంపస్‌కు తెచ్చాను. గతుకు వచ్చినప్పుడల్లా డ్రైవర్ మీద కస్సుమన్నాను. ఇనుము తగిలితే ఎర్రబడే మందు పట్టించిన కాగితం ముక్కను తడిపి బొమ్మలోని చీర అంచు మీద ఆనించాను. లేత గులాబీ రంగు వచ్చింది. చెంప మీద ఆనిస్తే ఎర్రబారింది. అంటే సిరాలోని ఇనుము కాగితాన్ని తింటోంది. కంటి దగ్గర చిల్లు కూడా పురుగు పని కాదు. చీరను ఎవరూ దిద్దలేదు, ముఖాన్ని ఏటా దిద్దారు. పోనీయకూడదని దిద్ది దిద్ది వాళ్ళే పోగొడుతున్నారు. ఎవరి మీద కోప్పడాలో తెలియక కారిడార్‌లో పచార్లు చేశాను.

కూడిక దగ్గరపడిందని బొమ్మను తిరిగి అక్క ఇంటికి తెచ్చాను. అక్క సిరా సీసా తీసి కూర్చుంది. ఉండబట్టలేక ఉన్నదంతా కక్కేశాను. ఇంకోసారి దిద్దితే ముఖమే ఉండదన్నాను.

"గోడ మీద చూస్తే బొమ్మనే కనిపిస్తదిరా. దిద్దుతుంటేనే అమ్మ యాదికొస్తది," అంది అక్క.

దానికి నా ల్యాబ్‌లో మందు లేదు. బొమ్మను అట్టల మధ్య పెట్టి, ఆమె ముందు తెల్ల కాగితం పరిచాను. తనకేం బొమ్మలు వచ్చని విసుక్కుంది. అయినా పెన్ను ముంచింది. నేను కూర్చోలేకపోయాను. వంటింట్లోకి వెళ్ళి దాహం లేకపోయినా నీళ్ళు తాగాను. తిరిగొచ్చేసరికి నుదురు, ముక్కు, చెంప వచ్చాయి. అక్క చెయ్యి ఆగకుండా చిల్లు ఉండే చోటికి వెళ్ళి, అక్కడ ఒక కన్ను గీసింది. కుడిదాని కంటే చిన్నది.

అక్క పెన్ను పక్కన పెట్టి, తలెత్తి నా ముఖంలోకి చూసింది.

"గిది నీ కన్నేరా," అంది. "అమ్మది గిట్లనే ఉండేదని నేనే మర్చిపోయిన."