చెప్పకూడని గుట్ట పేరు

నిన్న పొద్దున పాత ఫోటో ఒకటి వెతుక్కుంటూ, ఎప్పుడో మేము రాసిన పక్షుల పేజీల్లోకి వెళ్లాను. వేలు ఎక్కడో తగిలి రాబందుల పేజీ మార్పుల చరిత్ర తెరుచుకుంది. ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారో వరుసగా చూపించే ఆ పట్టికలో, పేజీ పేరు మార్చిన చోట మా బావ పేరు కనబడింది.

మంచిర్యాల బడిలో ముప్పై ఏళ్లు తెలుగు చెప్పి ఇంటికి చేరిన నన్ను ఈ పనిలోకి దించినవాడు ఆ బావే, కరీంనగర్‌లో ఉండే మా మేనమామ కొడుకు. తగ్గిపోతున్న పక్షులను కాపాడుకోవాలని ఎక్కడెక్కడివాళ్లో కలిసి ఇంటర్నెట్‌లో రాసుకునే పేజీలవి. ఎవరైనా రాయవచ్చు, ఎవరైనా దిద్దవచ్చు. మన జిల్లాల పేజీలకు పేర్లు పెట్టి, వరుసలో సర్దే పని మా ఇద్దరిదీ. రాయడం నాది, మీటలు నొక్కడం బావది. ముందు పక్షి పేరు, వెనుక చోటు పేరు, అదీ పద్ధతి. నేను పెట్టే పొడుగాటి పేర్లు చూసి "గిది పక్షి పేజీనా టీచరమ్మా, పెండ్లి పత్రికనా?" అని ఆటపట్టించేవాడు. మన వయసులో కొత్త పలక దొరికినంత సంబరం అది.

ఆదిలాబాద్ అడవుల్లో, నది ఒడ్డున ఒక రాతి గుట్ట మీద రాబందులు గూళ్లు పెట్టాయని తెలిసి ఇద్దరం వెళ్లాం. అక్కడి గోండు గూడెంలో ఒక పెద్దాయన మాకు జొన్నరొట్టె పెట్టి, తానే ముందు నడిచి గూళ్లు చూపించాడు. తిరిగి వచ్చేటప్పుడు ఒక్క మాట అడిగాడు: "గీ గుట్ట పేరు బయట చెప్పకు బిడ్డా. పేరు చెప్తె తొవ్వ చెప్పినట్టే." ఎవరికీ దారి చెప్పబోమని ఇద్దరం తలూపాం. అందుకే ఆ ఒక్క పేజీకి పద్ధతి తప్పి, 'రాబందులు – నది ఒడ్డు' అని మాత్రమే పేరు పెట్టాను.

ఆ ఎండాకాలానికే పేజీ పేరులోకి గుట్ట పేరు వచ్చి చేరింది. కెమెరాలు వేసుకుని కార్లలో జనం దిగారు. పక్షులు ఎగిరితే ఫోటో బాగుంటుందని టపాకాయలు కూడా కాల్చారట. మరుసటి ఏడు గూళ్లు ఖాళీ. నేను ఏడుస్తూ ఫోన్ చేస్తే బావ, "ఎవడో పనిలేనోడు మార్చిండు, నువ్వు ఫికర్ చెయ్యకు" అని ఓదార్చాడు. నేను నమ్మాను; ఎవరు మార్చారో చూడటం, పేరు తిరగమార్చడం నాకు రావు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, నేనెంత?

మళ్లీ గూడెం వెళ్తే పెద్దాయన తిట్టలేదు, కూర్చోమనీ అనలేదు. "పేరు చెప్పినవా బిడ్డా?" అని మాత్రం అడిగాడు. చెప్పలేదని ఒట్టు పెట్టుకున్నాను. ఆయన లోపలికి వెళ్లిపోయాడు.

నిన్న బావను అడిగేశాను. తడుముకోలేదు కూడా. "అన్ని పేజీల పేర్లు ఒక్క తీరుగ ఉంటెనే మన జిల్లాల పని మొదటి పేజీల పెడ్తమని గా పేజీలు నడిపేటోళ్లు అన్నరు. నీదొక్కటే తేడగ ఉండె. గందుకే మార్చిన. గిన్నేండ్లకు గిప్పుడెందుకు?" అన్నాడు. నిజమే, ఆ ఏడు మొదటి పేజీలో మా ఇద్దరి పేర్లూ వచ్చాయి. వీధిలో అందరికీ నేనే చూపించుకున్నాను. తలుచుకుంటే ఒళ్లు మండుతోంది, సిగ్గూ వేస్తోంది.

చిన్నప్పుడు తేనెపట్టు ఎక్కడుందో తెలిసినా, మా ఇళ్లలో పెద్దలు నోరు మెదిపేవారు కాదు. ఇప్పుడు తెలిసిందల్లా చెప్పేయడమే మంచితనమని మాలాంటి చదువుకున్నవాళ్లమే నమ్మాం.

రాత్రి కళ్లద్దాలు పెట్టుకుని, తడుముకుంటూ, మొదటిసారి నా చేత్తో నేనే మీటలు నొక్కి పాత పేరు తిరిగి పెట్టాను. ఎవరూ అడ్డు చెప్పలేదు. అక్కడ ఇప్పుడు పక్షుల్లేవు, ఆ పెద్దాయనా పోయి మూడేళ్లయింది. నేను చెప్పలేదు తాతా అని ఆయనకు మరొక్కసారి చెప్పుకోవాలని ఉంది.