ఇంగ్లీషులో మాత్రమే అన్న మాట

ఇంగ్లీషు మాట్లాడటం నేర్పే పని మీద నాకు రోత పుట్టింది. విసుగు కాదు, రోతే. విసుగైతే రెండు రోజులు సెలవు పెట్టి ఇంట్లో పడుకుంటే పోయేది.

మా ఇంట్లో మూడు తరాలుగా అందరూ పంతుళ్లే. నేను గుడివాడలో ఒక కాలేజీలో చాలా ఏళ్లు పాఠాలు చెప్పి, అది మానేశాక బందరులో ఒక స్పోకెన్ ఇంగ్లీషు సెంటర్లో చేరాను. పొద్దున్నే ప్యాసింజరు బండి ఎక్కడం, మధ్యాహ్నం బండికి తిరిగి గుడివాడ రావడం. సెంటరు ఒక మందుల షాపు మీద మేడలో ఉంది. మెట్లెక్కేటప్పుడు టించరు వాసన, ఎక్కాక రంగు వాసన. మా డైరెక్టరు ఏటా గోడలకి కొత్త రంగు వేయిస్తాడు, వీడియోల్లో బాగా కనపడాలని.

నేర్చుకోవడానికి వచ్చేవాళ్లలో సగం మంది నర్సులు. విదేశీ ఆసుపత్రుల్లో ఉద్యోగం కావాలంటే మాట్లాడే పరీక్ష ఒకటి నెగ్గాలి. ఎదురుగా ఒకాయన కూర్చుని ప్రశ్న అడుగుతాడు, తడుముకోకుండా రెండు నిమిషాలు జవాబు చెప్పాలి. గతంలో మీరు చేయలేకపోయిన పని ఏమిటి, అది చేసి ఉంటే ఏం జరిగేది అన్నది వాళ్లకి భలే ఇష్టమైన ప్రశ్న. చూడండి, ఎంత దర్జాగా అడుగుతారో! ముక్కూ మొహం తెలియని మనిషి ముందు కూర్చుని మన బతుకులో ఏం పోగొట్టుకున్నామో గుక్క తిప్పుకోకుండా చెప్పాలి. చెప్పిన తీరుకి మార్కులు. పోయినదాని సంగతి ఎవడికీ అక్కర్లేదు.

దీనికి మా డైరెక్టరు ఒక షీటు తయారుచేశాడు. అందులో పన్నెండు పశ్చాత్తాపాలు ఉంటాయి. బాగా చదివి ఉంటే డాక్టరునయ్యేదాన్ని, నాన్న బతికి ఉంటే పెద్ద ఊళ్లో చదివించేవాడు, ఇలాంటివి. ఎవరికి నచ్చింది వాళ్లు బట్టీ పట్టుకోవడమే. మనిషి బాధపడటం కూడా జిరాక్సు తీయించి పంచిపెట్టాడు మహానుభావుడు. అవనిగడ్డ నుంచి వచ్చే ఒకాయన లేచి నిలబడి, నాన్న బతికి ఉంటే తన జీవితం ఎలా ఉండేదో గడగడా అప్పజెప్పాడు.

"ఏవండీ, మీ నాన్నగారేగా నిన్న మిమ్మల్ని బండి మీద దింపి వెళ్లింది?" అన్నాను.

"అవునండీ. షీట్లో అలా ఉందండీ మరి," అన్నాడాయన. ఏమాత్రం సిగ్గు లేదు. క్లాసంతా నవ్వింది.

ఆ రోజే షీటు పక్కన పడేయించాను. మీ సొంత మాటలు చెప్పండి, చిన్నదైనా సరే నిజంగా జరిగింది చెప్పండి, అప్పుడే భాష వస్తుంది అని పెద్ద ఉపన్యాసం ఇచ్చాను. డైరెక్టరుకంటే నేను వెయ్యి రెట్లు నయం అనుకుంటూ ఇచ్చాను. ఆ గర్వం తలుచుకుంటే ఇప్పుడు నన్ను చూసి నాకే అసహ్యం వేస్తుంది.

మర్నాడు నర్సుల్లో ఒకావిడ లేచింది. ముప్పై అయిదేళ్లుంటాయి. సొంతూరు కృత్తివెన్ను దగ్గర, రొయ్యల చెరువుల మధ్య పల్లె. ఉద్యోగం బందరులోనే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో. క్లాసులో నోరు విప్పేదే కాదు. ఆ రోజు బల్ల అంచు పట్టుకుని నెమ్మదిగా, ఒక్కో మాటా వెతుక్కుంటూ, తప్పులతోనే చెప్పింది. అన్నయ్య ఆ పూట బండి తెచ్చి ఉంటే అమ్మ బతికేది. నేను గట్టిగా అడిగి ఉంటే అన్నయ్య తెచ్చేవాడు.

నేనేం చేశానో చెప్పనా? చాక్‌పీసు తీసుకుని ఆ రెండు వాక్యాలూ తప్పులు దిద్ది బోర్డు మీద రాశాను. రాసి, "ఎవ్రీబడీ, రిపీట్!" అన్నాను. కొత్త వాక్యం రాస్తే అందరి చేతా మూడుసార్లు పలికించడం నా అలవాటు, నోరు తిరుగుతుందని. ముప్పైమంది గొంతెత్తి, "ఇఫ్ మై బ్రదర్ హ్యాడ్ బ్రాట్ ద వ్యాన్..." అని ఎక్కాలు చదివినట్టు చదివారు. తండ్రిని బతికుండగానే చంపిన అవనిగడ్డాయన అందరికంటే గట్టిగా చదివాడు. ఆవిడ కూడా పెదవులు కదిపింది. ఒక మనిషి తల్లి చావుని భజన చేయించానండీ, చేయించి, "వెరీ గుడ్" కూడా అన్నాను.

క్లాసు అయ్యాక ఆవిడ నా దగ్గరికొచ్చి మిగతాది తెలుగులో చెప్పింది. తండ్రి చిన్నప్పుడే పోతే అన్నయ్యే చదివించాడు, నర్సుని చేశాడు, పెళ్లి చేశాడు. ఎనిమిదేళ్ల క్రితం ఒక పొద్దున తల్లికి గుండెలో నొప్పి వచ్చింది. ఈవిడ డ్యూటీలో ఉంది. ఫోన్లో లక్షణాలు వినగానే అర్థమైంది. అంబులెన్సు దూరంలో ఉందన్నారు. ఇంట్లో వ్యాను ఉంది. కానీ ఆ రోజే చెరువులో రొయ్యకి తెల్లమచ్చ తెగులు కనపడి, చచ్చేలోగా అమ్ముకోవాలని ఉన్నదున్నట్టు పట్టేస్తున్నారు. వ్యానులో ఐసు పెట్టెలు ఎక్కించారు. "గ్యాస్ నొప్పేలే అమ్మలూ, సరుకు దింపగానే సాయంత్రం తీసుకొస్తా," అన్నాడట అన్నయ్య. సాయంత్రం దాకా ఆ తల్లి ఉండలేదు.

"ఎప్పుడైనా అన్నావా అన్నయ్యని?" అని అడిగాను.

"ఎలా అంటాను మేడం? నన్ను పెంచినాయన. ఇంగ్లీషులో కాబట్టి అనగలిగాను. మా ఇంట్లో ఎవరికీ రాదుగా."

ఆ మాట నా చెవిని తాకింది గాని లోపలికి దిగలేదు. ఎందుకంటే అదే మధ్యాహ్నం, బండి పెడన దాటుతుండగా, డైరెక్టరు నుంచి మెసేజి వచ్చింది. బోర్డు మీద రాసిన ఆ రెండు వాక్యాలకి మంచి తెలుగు పంపండి మేడంగారూ అని. ఎందుకని అడగాలి కదా? అడగలేదు. నోట్సులో వేస్తాడేమో అనుకున్నాను. తెచ్చుంటే అనాలా, తెచ్చివుంటే అనాలా అని బుర్ర బద్దలుకొట్టుకుని, చక్కటి తెలుగులో టైపు చేసి పంపాను. పంపాక చాలా బాగా కుదిరిందని సంతోషించాను కూడా.

మూడో రోజుకి అది వీడియో అయింది. క్లాసులో మూల స్టాండుకి తగిలించి ఉంచే కెమెరా అంతా తీసింది. ఆవిడ లేవడం, కళ్లు చెమర్చడం, ఆ తర్వాత ముప్పైమంది కోరస్. కింద పసుపు అక్షరాల్లో నా తెలుగు. పైన 'నోరు తెరవని నర్సు ఇరవై రోజుల్లో ఎలా మాట్లాడుతోందో చూడండి' అని. వెనకాల ఏడుపు వయొలిన్ ఒకటి పెట్టాడు, దాని మొహం మండ.

నేను అడగ్గానే డైరెక్టరు, "ఎమోషన్ మేడం, ఎమోషన్! ఊరికే రమ్మంటే వస్తుందా?" అన్నాడు. ఛీ, నువ్వు మనిషివేనా అన్నాను. నోటికొచ్చింది తిట్టాను. సాయంత్రానికి తీసేశాడు. కానీ ఏం లాభం? అప్పటికే ఆవిడ పిన్ని కూతురు చూసి, ఊరి గ్రూపులో పెట్టేసింది.

ఆవిడ నా మీద అరవలేదు. అరిచినా బాగుండేది. మెట్ల మీద కూర్చుని, "అన్నయ్య ఫోనెత్తట్లేదు మేడం," అంది. వచ్చే నెలలో ఆవిడ కూతురికి ఓణీల ఫంక్షన్. మేనమామ బట్టలు తెచ్చి పెట్టాలి. మేనమామ రాకపోతే అత్తవారి బంధువులంతా ఎందుకు రాలేదని అడుగుతారు. ఏం చెప్పాలి? "ఫంక్షన్ సంగతి సరే మేడం, మళ్లీ ఆ ఇంటి గుమ్మం ఎక్కగలనా నేను? నాకున్న పుట్టిల్లు ఆయనొక్కడే," అంది. నేను నోట్లో మాట లేకుండా నిలబడ్డాను. మూడు రోజుల కిందట ముప్పైమంది నోళ్లు తెరిపించిన దాన్ని.

ఇంకో మూడు రోజులకి, పొద్దున క్లాసు ముగిశాక, ఒకాయన మెట్లెక్కి వచ్చాడు. నలభై అయిదేళ్లుంటాయి, ఎండకి మాడిన మొహం, ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, కాళ్లకి మాత్రం చెరువు మట్టి. ఫలానా నర్సు అన్నయ్యనండీ అన్నాడు. కొట్టడానికొచ్చాడేమో, కొట్టినా తప్పులేదు అనుకున్నాను. ఆయన మాత్రం చెప్పులు బయటే విడిచి వచ్చి, కుర్చీ చూపించినా కూర్చోకుండా నిలబడ్డాడు.

"మేడంగారూ, ఆ ముక్క మా చెల్లి సొంతంగా అందాండీ? మీరు రాసిచ్చిందాండీ?"

నేను నోరు తెరిచేలోపే ఆయనే మళ్లీ మొదలెట్టాడు. "ఎందుకడుగుతున్నానంటే, ఆ రోజు చెరువు మీద నేనూ..." అని ఆగిపోయాడు. కళ్ల నిండా నీళ్లు. చొక్కా చేతిని కళ్లకి అద్దుకుని మళ్లీ, "ఆ రోజు నేనూ..." అన్నాడు.

ఎవరైనా వాక్యం మధ్యలో ఆగితే నేను భరించలేను. నా వృత్తి అలాంటిది. తడబడేవాడికి మాట అందించేయాలి. వెంటనే అందుకున్నాను.

"అయ్యో, మీరు బాధపడకండి బాబూ. అది నేను రాసిచ్చిన వాక్యమేనండీ. క్లాసులో అందరికీ ఇచ్చేదే. వీడియోలో అందరూ కలిసి చదవడం వినలేదూ? మీ చెల్లెలు ఒక్కతే అన్న మాటైతే అందరూ ఎందుకు చదువుతారు?"

ఆయన నా మొహంలోకి చాలాసేపు చూశాడు. "అంతేనంటారా?" అన్నాడు.

"అంతేనండీ. పాఠం అంతే."

"అంతేలెండి. పాఠం," అని తలూపాడు. కాసేపు బోర్డుకేసి చూశాడు. "ఎలాగూ బందరొచ్చాను. పిల్లకి పట్టులంగా, ఓణీ తీసుకుని అటే పోతాను," అని మెట్లు దిగి వెళ్లిపోయాడు.

ఆ మధ్యాహ్నం బండిలో నాకు చోటు దొరికింది. కిటికీ పక్కన కూర్చుని, ఇన్నాళ్లకి ఒక మంచి పని చేశాను, ఒక ఆడమనిషికి పుట్టిల్లు నిలబెట్టాను అనుకుంటూ గుడివాడ దాకా వచ్చాను. అబద్ధమైతేనేం, అనుకున్నాను.

మర్నాడు క్లాసుకి ముందే ఆవిడ వచ్చి నిలబడింది. సంతోషంగా ఉంటుందనుకున్నాను. ఉందా అంటే లేదు. పట్టులంగా వచ్చిందా అంటే వచ్చిందంది. ఫంక్షన్‌కి ముందురోజే వస్తానన్నాడంది.

"మరింకేంటమ్మా?" అన్నాను.

"అన్నయ్యతో ఏం చెప్పారు మేడం?"

చెప్పాను. నా తెలివికి మెచ్చుకుంటుందని కూడా ఒక మూల ఆశ, సిగ్గులేకపోతే సరి.

"ఈ వారం రోజులూ నాకు అన్నం సయించలేదు. కానీ నిన్న పొద్దుటికి భయం పోయింది మేడం. వస్తే రానీ, అడిగితే అవునన్నయ్యా నేనే అన్నాను అని చెప్పేద్దామని కూర్చున్నాను. తిడితే తిడతాడు. ఆయన నవ్వుకుంటూ వచ్చాడు. మీ మేడం రాసిచ్చిందంటగా, నువ్వెందుకంటావే అలాంటి మాట అన్నాడు. పిల్లకి లంగా కొలత చూశాడు. ఇంక నేనేం చెప్పను? ఎనిమిదేళ్లకి ఒక్కసారి నోరు విప్పితే, అది నా మాటే కాదని చెప్పేశారు."

"నీ కోసమేనమ్మా. పాపం, ఆయన ఏడుస్తుంటే చూడలేక..."

ఆవిడ తలెత్తింది. "ఏడ్చాడా? ఎప్పుడు? మీరు పాఠం అని చెప్పాకా, చెప్పకముందా?"

"ముందేనమ్మా. వచ్చీ రాగానే. ఆ రోజు చెరువు మీద నేనూ, అని ఏదో చెప్పబోయాడు."

"చెప్పబోయి? ఏమన్నాడు మేడం?" బల్ల మీదకి వంగి నా చెయ్యి పట్టుకుంది. "ఆ రోజు చెరువు మీద ఏమైందన్నాడు? మేడం, ఎనిమిదేళ్లుగా ఆయన నోట ఆ రోజన్న మాటే రాలేదు. ఏమన్నాడో చెప్పండి."

"అననివ్వలేదమ్మా," అన్నాను.