సిరిసిల్ల వాళ్ల మౌనవ్రతం

మొన్న ఆఫీసు గేటు దగ్గర ఒకాయన నా చేతిలో కరపత్రం పెట్టాడు. అడవిలో మూడు రోజుల మౌన శిబిరం, పురుషులకూ మగపిల్లలకూ మాత్రమేనట. బస్సెక్కి అది చదువుతూ ఒక్కణ్నే నవ్వుకుంటుంటే, పక్క సీటాయన అనుమానంగా చూసి కిటికీ వైపు జరిగాడు. ఆయన తప్పేం లేదు. నా పద్నాలుగో ఏట అలాంటి శిబిరానికే పోయిన మా సిరిసిల్ల నేతన్నల సంగతి ఆయనకెట్లా తెలుస్తుంది?

మమ్మల్ని తీసుకుపోయిన స్వామి మెట్‌పల్లి దగ్గర బడిలో డ్రిల్లు సారుగా చేసి రిటైరైన మనిషి. కాషాయం కట్టినా మెడలో విజిల్ తీయలేదు. జైనూర్ అవతల గుట్టల నడుమ, టేకు చెట్ల కింద టార్పాలిన్ డేరాలు వేశారు. ఒక ఈలకు లేవాలి, ఇంకో ఈలకు వాగులో స్నానం, మరో ఈలకు ధ్యానం. మూడు రోజులు నోరు తెరవకూడదు. వంట కూడా మగవాళ్లే చేసుకోవాలి. ఇంట్లో చెంబెడు నీళ్లు ముంచుకోని మహానుభావులకు మౌనం కంటే అదే కఠినమైన వ్రతం.

నాకు మాత్రం భక్తి కంటే భయమే ఎక్కువగా ఉండేది. మా వాళ్లలో మా నాన్న, అంటే బాపూ ఉన్నాడు, ఆయన తమ్ముడు మా చిన్నబాపూ ఉన్నాడు. ఇద్దరికీ నాలుగేళ్లుగా మాటల్లేవు. ఒక దసరా నాడు చిన్నబాపు, పెద్దవాళ్ల చేతిలో పెట్టి మొక్కే జమ్మి ఆకును ముందుగా అన్న చేతిలో పెట్టకుండా తన మామ చేతిలో పెట్టాడట. అందరి ముందు తల తీసేసినట్టయిందని బాపు అలిగాడు. ఇరవై ఏళ్లు ఒకే షెడ్డులో ఎదురెదురు మగ్గాల దగ్గర నిలబడ్డవాళ్లు విడిపోయారు, చిన్నబాపు వేరే షెడ్డుకు పోయాడు. నన్ను భుజాల మీద జాతర తిప్పిందీ, సైకిల్ నేర్పిందీ ఆయనే. ఆయన గడప తొక్కొద్దని బాపు ఆన పెట్టాడు. ఆయన ఎదురైనప్పుడల్లా తల దించుకుని పోవాల్సి వచ్చి నాకు ఏడుపొచ్చేది. శిబిరానికి బయలుదేరుతుంటే అవ్వ మూతి తిప్పింది: "ఇంట్ల మాట్లాడనోళ్లు అడివిల మాట్లాడకపోతె గదేం వ్రతంరా!"

మరమగ్గాల షెడ్డులో పిడుగు పడ్డా వినపడదు. అందుకే మావాళ్లు చేతులతో మాట్లాడుకుంటారు. బొటనవేలు పెదవికి ఆనిస్తే చాయ్. అరచేయి పైకెత్తి గట్టిగా కిందికి దించితే మగ్గం ఆపు. మొదటి రోజు ధ్యానంలో జమ్మికుంట పత్తి వ్యాపారులు కళ్లు మూసుకుని నానా యాతన పడుతుంటే, మావాళ్లు పెదవి కదపకుండా రాత్రి ఎవరెట్లా గురక పెట్టారో, స్వామి బొజ్జ ఎంతుందో అన్నీ మాట్లాడేసుకున్నారు. స్వామి పాపం పలక మీద "మౌనమంటే సిరిసిల్ల వారిది" అని రాసి అందరికీ చూపించాడు.

రెండో రోజు పప్పు వండడం బాపు వంతు. చిన్నబాపు అవతల కట్టెలు చీలుస్తున్నాడు. బాపు ఒకసారి ఉప్పు వేశాడు. పొగకు కళ్లు తుడుచుకుని, మరిచిపోయి ఇంకోసారి వేశాడు. మూడో పిడికిలి గిన్నె మీదికి చాపాడు. అప్పుడు అవతల ఒక అరచేయి లేచి గట్టిగా కిందికి దిగింది. అది కంటి కొసకు ఆనగానే, ఎవరు చెప్పారో చూడకముందే బాపు చేయి గాల్లో ఆగిపోయింది. తర్వాత తలెత్తి చూశాడు. ఇక్కడ కూడా కొట్లాట తప్పదనుకున్నాను. బాపు ఎన్నిసార్లు పడిందని వేళ్లతో అడిగాడు. చిన్నబాపు రెండు వేళ్లు చూపించి, కషాయం తాగినట్టు మొహం పెట్టాడు. బాపు భుజాలు కదిలేలా నవ్వాడు. అంతలోనే నవ్వు ఆపి, అరచేతిలో ఆకు పెడుతున్నట్టు చూపించి, ఎందుకట్లా చేశావన్నట్టు చేయి తిప్పాడు. చిన్నబాపు గొడ్డలి కింద పెట్టాడు. నడుము వంచి, కర్ర పట్టుకున్నట్టు నిలబడి, చూపు ఆనని మామలాగా చేయి ముందుకు చాపాడు. ముసలాయన తనంతట తానే చేయి చాపి నిలబడితే కాదని ఎట్లా పోను, అని దాని అర్థం. అంతే, తేలిపోయింది. నోటితో మొదలుపెట్టి ఉంటే తాతల కాలం నుంచీ తవ్వేవాళ్లు, సైగల్లో అంత వీలు లేదు. బాపు పోయి తమ్ముడి భుజం మీద చేయి వేశాడు. నేను పొగ మిషతో కళ్లు తుడుచుకున్నాను.

మూడో రోజు ఆఖరి ఈల పడగానే అడవి దద్దరిల్లేలా అందరూ ఒక్కసారే మాట్లాడారు. వీళ్లిద్దరికే నోరు పెగల్లేదు. చివరికి బాపే అడిగాడు.

"నిన్న పప్పుల ఉప్పు జర ఎక్కువైందారా?"

"జరనా? పెద్దోనివని తిన్నం గని, కుక్కకేస్తె మూతి వెట్టకుంట పోతుండె అన్నా!"

ఆ తర్వాత చిన్నబాపు నా వైపు తిరిగాడు. "ఏందిరా, నాలుగేండ్లాయె మా ఇంటి దిక్కు రాకపోతివి. సైకిల్ తొక్కుడు మర్షినవా?" నేను పోయి ఆయన నడుము పట్టుకున్నాను.

చిన్నబాపు మళ్లీ పాత షెడ్డుకు వచ్చాడు. ఉన్నన్నాళ్లూ అన్నదమ్ములు రోజూ పోట్లాడుకున్నారు, రోజూ మాట్లాడుకున్నారు. ఇప్పుడు చిన్నబాపు లేడు. బాపు అప్పుడప్పుడు ఏదో పనిలో ఉండి, ఉన్నట్టుండి అంటాడు: "గా నాలుగేండ్లు ఊకెనే పాయెరా." కాలం గుంజుకుపోయిన ఏళ్లకు ఏడ్చి ఊరుకోవచ్చు, మనంతట మనం పారేసుకున్న ఏళ్లకే ఊరట దొరకదు.