ఇంకోసారి మాస్టారు

ఊరి చివరి ఫ్లయింగ్ క్లబ్బులో విమానం నడపడం నేర్పే మాస్టారికి అసలు పేరొకటి ఉందన్న సంగతి జనం ఎప్పుడో మరిచిపోయారు. అందరికీ ఆయన ఇంకోసారి మాస్టారు. శిష్యుడు విమానాన్ని పువ్వులా దించినా, దబీమని కుదేసి పక్కనున్న ఈయన నడుం విరగ్గొట్టినంత పని చేసినా, ఆయన నోట వచ్చేది ఒకటే మాట: "ఇంకోసారి." మెచ్చుకోలూ అదే, తిట్టూ అదే.

కట్టుకున్న భార్యకి మాత్రం ఆ మాట దక్కలేదు. ఆవిడకి దక్కింది "వచ్చే ఆదివారం." పెళ్ళైన కొత్తలో, నన్నూ ఒకసారి ఎక్కించండి అని అడిగింది పాపం. ఆ రోజుల్లో క్లబ్బు కళకళలాడేది. బట్టల కొట్టాయన, పళ్ళ డాక్టరు, బడి టీచరమ్మ, వారమంతా ఎవరి పనులు వాళ్ళు చేసుకుని, ఆదివారం తెల్లారేసరికి షెడ్డు ముందు వరస కట్టేవాళ్ళు. వాళ్ళని ఆపి పెళ్ళాన్ని షికారు తిప్పితే ఏమనుకుంటారోనని మాస్టారి మొహమాటం. వచ్చే ఆదివారం, వచ్చే ఆదివారం అంటూనే ఇద్దరికీ జుట్టు నెరిసింది. ఆ మొహమాటాన్ని ఏ గంగలో కలపాలో మీరే చెప్పండి.

తర్వాత క్లబ్బుకి గడ్డురోజులొచ్చాయి. చుట్టూ ఇళ్ళు లేచాయి. మోత భరించలేకపోతున్నామని ఆ ఇళ్ళవాళ్ళు గోల పెట్టారు. ఏం, పునాదులు తవ్వేటప్పుడు నెత్తి మీద తిరిగే విమానాలు కనిపించలేదా వీళ్ళకి? బీమా కంపెనీ మొహం చాటేసింది. ఇంత కాస్త పెట్రోలు కోసం అంత దూరం ఎవడొస్తాడని ట్యాంకరు రావడం మానేసింది. ఉద్యోగం కోసం నేర్చుకునేవాళ్ళు పెద్ద కాలేజీలకి పోయారు, సరదాకి ఎగిరేవాళ్ళకి మోకాళ్ళ నొప్పులొచ్చాయి. చివరికి మిగిలింది ఒక్క బుల్లి విమానం. దాన్నీ దూరపు ఊరాయనెవరో కొనుక్కున్నాడు. సోమవారం పొద్దున్నే వచ్చి తీసుకుపోతానన్నాడు.

అంటే మాస్టారి చేతిలో ఉన్నది ఒకే ఒక్క ఆదివారం.

"ఇది తప్పితే ఇక నీకిచ్చిన మాట నిలబెట్టుకోలేనే. వస్తావా?" అన్నారు.

"ఇన్నాళ్ళకి ఖాళీ దొరికిందా తమరికి?" అని దెప్పింది గాని, ఆవిడ ముందురోజే మంచి బట్టలు ఇస్త్రీ చేసి పెట్టుకుంది.

తీరా వెళ్తే గాలి. గాలి ఎటు వీస్తోందో చూడ్డానికి స్తంభానికి కట్టిన గుడ్డ గొట్టం, తాడు తెంపుకునేలా కొట్టుకుంటోంది. అంత గాలిలో కొత్తవాళ్ళని ఎక్కించకపోవడం మాస్టారి పట్టుదల.

"అక్కేగా బావా, కాస్త కుదిపితే ఏం పోయింది?" అన్నాడు మెకానిక్కు. అతను ఆవిడ స్వంత తమ్ముడు.

"మీ అక్క కాబట్టే కుదపను" అన్నారు మాస్టారు.

మధ్యాహ్నమైంది. తెచ్చుకున్న క్యారేజీ విప్పారు, ఎవరికీ ముద్ద దిగలేదు. మాస్టారు కాలుగాలిన పిల్లిలా స్తంభం చుట్టూ తిరుగుతూనే ఉన్నారు. షెడ్డులో స్టూలు మీద కూర్చున్న ఆవిడకి ఆయన్ని చూస్తే జాలేసింది.

"పోనీండి, నాకు రాసిపెట్టి లేదు. ఇంటికి పోదాం" అంది.

పొద్దు వాలుతుండగా గుడ్డ గొట్టం వేలాడిపోయింది. "లే, లే" అని తొందరపెట్టి ఆవిణ్ణి ఎక్కించి, తనూ చుట్టూ తిరిగొచ్చి ఎక్కి బెల్టు పెట్టుకున్నారు. ఆ కంగారులో జరిగింది పొరపాటు. జన్మంతా కుడివైపు కూర్చుని పాఠం చెప్పిన మనిషి కదా, అలవాటుకొద్దీ కుడివైపే కూర్చున్నారు. ఎడమవైపు, నేర్చుకునేవాళ్ళ సీట్లో, ఆవిడ.

"ఇదేంటండీ, నా ముందూ ఉందో స్టీరింగు?" అంది, విమానం నేల వదిలాక.

అప్పుడు చూసుకున్నారు మాస్టారు. ఒక్క క్షణం నాలిక్కరుచుకుని, తర్వాత నవ్వారు.

"పట్టుకో అయితే. గొంతు పిసక్కు, కోడిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకో."

పట్టుకుంది. ఆయన చెప్పినట్టల్లా కాస్త అటూ, కాస్త ఇటూ తిప్పింది. కింద తమ డాబా కనిపించింది, పొద్దున ఆరేసిన ఆకుపచ్చ దుప్పటి ఇంకా తీగ మీదే ఉంది.

"అది మన దుప్పటే" అంది.

"ఆదివారం ఆదివారం చూసేవాణ్ణి. నువ్వు బట్టలారేస్తూ తలెత్తేదానివి. మన డాబా మీది ఆ ఒక్క మలుపు మాత్రం శిష్యులకివ్వకుండా నేనే తిప్పేవాణ్ణి."

"ఏనాడూ చెప్పలేదే" అంది. ఆవిడకి కళ్ళు మసకబారాయి. ఎందుకైనా మంచిదని మాస్టారు తన ముందున్న స్టీరింగు తనూ పట్టుకున్నారు.

చేతుల మీద చేతులు వేసినట్టే ఇద్దరూ కలిసి దించారు. విమానం రెండుసార్లు ఎగిరెగిరి పడింది. షెడ్డు ముందు ఆపి ఇంజను కట్టేశాక, ఆవిడ దిగకుండా కూర్చుంది.

"అందర్నీ అంటారుగా. నన్ననరేం, ఇంకోసారని?"

మాస్టారు బయటికి చూశారు. చీకటి పడుతోంది. ట్యాంకులో ఉన్నది కొన్నాయన ఊరు చేరడానికి సరిపడా పెట్రోలు. మెల్లిగా అన్నారు.

"వచ్చే ఆదివారం."

ఆ మాట వినబడితే చాలు, ఇన్నేళ్ళూ ఇంతెత్తున లేచిన మనిషి.

"సరేనండీ" అని, క్యారేజీ అందుకుని దిగింది.