ఏడో మెట్టు మీది సూదుల పాచి

నాయనమ్మ పని నీళ్ళ ట్యాంకులోకి దిగే మెట్ల మీద పాచి గీకడం. ముప్పై ఏళ్ళపాటు ఇనప బ్రష్షుతో మెట్లనీ, వాటితోపాటు తన మోకాళ్ళనీ అరగదీసుకుంది. ఆవిడకి తెలిసి లోకంలో పాచి ఒకటే, కాలు జారేది.

కాలేజీ నుంచి పరిశోధన చేసే అమ్మాయి ఒకతె వచ్చి ఆ నమ్మకం పాడుచేసింది. భూతద్దం చేతికిచ్చి చూడమంది. ఆ రోజు మెట్లు సగమే శుభ్రమయ్యాయి.

ట్యాంకు చుట్టూ ఇరవై ఏడు రకాలున్నాయని ఇద్దరూ కలిసి తేల్చారు. ఆ అమ్మాయి చెప్పిన పేర్లకి నోరు తిరగక నాయనమ్మ సొంత పేర్లు పెట్టుకుంది. ఒత్తుగా, మెత్తగా పెరిగేది పిల్లిబొచ్చు. రాయికి ఆకులా అతుక్కుని ఒంటినిండా బుల్లి గిన్నెలు మోసేది గిన్నెలది. పచ్చటి బిళ్ళలోంచి నిటారుగా కొమ్ములు లేపేది సూదులది. ఫోను మీద అంకెలు పోల్చుకోలేని మనిషి, తడి గోడ మీద ఏది ఏదో ఇట్టే చెప్పేసేది.

సూదులది ఒక్క ఏడో మెట్టు మీదే ఉంది. దాని కొమ్ములు పండి చీలేదాకా ఆ మూల గీకొద్దని అమ్మాయి బతిమాలింది. నాయనమ్మ జానెడు మేర సుద్దముక్కతో గీత గీసి వదిలేసింది. అక్కడే మోటారు నడిపే తాతయ్య అది చూసి ఉడుక్కున్నాడు.

"నలభై ఏళ్ళ కాపురంలో నా మొహం ఎప్పుడైనా అంత దగ్గరగా చూశావా?"

"నీ మొహంలో ఇన్ని రకాలు లేవులే."

ఒక పొద్దున, సూదులెంత పొడుగయ్యాయో చూడాలన్న తొందరలో నాయనమ్మ క్యారేజీ ఇంట్లోనే మరిచిపోయింది. తాతయ్య అది పట్టుకుని మెట్లు దిగాడు. రాత్రి వానకి సుద్దగీత కొట్టుకుపోయింది. మళ్ళీ గీద్దామనుకుంటూనే ఆవిడ గీయలేదు. ఏడో మెట్టు మీద ఆయన కాలు జారింది. తుంటి విరిగింది.

ఎలా పడ్డావని కొడుకులు ఆసుపత్రిలో అడిగితే, నాయనమ్మ నోరు తెరిచేలోగా "చెప్పు అరిగిపోయిందిరా" అన్నాడు. ఆ చెప్పులు కొని నెల కూడా కాలేదు. నాయనమ్మ మూడు వారాలు మంచం పక్కనే కూర్చుంది. ఆయన ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. అనకుండానే పోయాడు.

వచ్చినవాళ్ళంతా ఓదార్చారు. కోడళ్ళు అన్నం ముద్దలు కలిపి పెట్టారు. అంత మంచితనం ఆవిడకి గొంతు దిగలేదు.

నెల తిరిగాక పనికెళ్ళి ఏడో మెట్టు దగ్గర కూర్చుంది. సూదుల కొసలు నల్లబడి అప్పుడే చీలుతున్నాయి. ఎంత బాగున్నాయో చూసింది కూడా. చూసే, గీకేసింది, రాయి తెల్లబడేదాకా.

రెండు రోజులకి అమ్మాయి వచ్చింది. ఇన్నాళ్ళూ వేరే ఊళ్ళు తిరగడంతో జరిగిందేమీ తెలియదు. ఖాళీ మెట్టు చూసి ముందు నమ్మలేదు. తర్వాత ఏడ్చినంత పని చేసింది. ఆపైన తిట్టింది. చుట్టుపక్కల ఇంకెక్కడా లేదని తెలిసీ చేతులెలా వచ్చాయంది, నిన్ను నమ్మడం నా బుద్ధితక్కువంది. ఒక మాటకి పది అప్పజెప్పే నాయనమ్మ, బ్రష్షు కింద పెట్టి, చేతులు కట్టుకుని బడిపిల్లలా వింది.

అమ్మాయి ఊపిరందక ఆగింది.

"ఎందుకు చేశావు పెద్దమ్మా?"



"ఆపావేం తల్లీ, ఇంకా తిట్టు" అంది నాయనమ్మ.