పెద్దక్క నడిపిన చదరంగం క్లబ్బు

మా చదరంగం క్లబ్బు కళ్లద్దాల షాపు పైన ఉండేది. షాపు పక్క సందులోంచి చెక్కమెట్లు ఎక్కితే ఒకే ఒక్క పొడుగాటి గది. వీధివైపు రెండు కిటికీలు, ఎదురుగోడకు గడియారం, మధ్యలో వరసగా బల్లలు. ఒక బల్లకు కాలు పొట్టి. దాని కింద మడిచిన అట్టముక్క ఉండాల్సిందే, లేకపోతే గుర్రాలు వాటంతటవే నడిచేవి. గదినిండా పాత చెక్కవాసన, కింద వీధిలో బళ్ల రొద, ఎవరో ఒకరి దగ్గు. సాయంత్రమైతే అక్కడ మాటలు తక్కువ, గొణుగుళ్లు ఎక్కువ.

ఆ క్లబ్బుకు సెక్రటరీ పెద్దక్క. నిజానికి ఆవిడ మాలో ఎవరికీ అక్క కాదు. ఆవిడకన్నా బాగా పెద్దవాళ్లు కూడా పెద్దక్క అనే పిలిచేవారు. పగలంతా కింద షాపులో కళ్లద్దాలు తయారుచేసేది. షాపు మూయగానే తాళాల గుత్తితో పైకొచ్చి కిటికీలు తెరిచేది. ఎవరి మొహం చూసినా ముందు కళ్లద్దాలు తిన్నగా ఉన్నాయా లేదా అని చూడడం ఆవిడకు అలవాటు. ఆట మధ్యలో ఎదుటివాళ్ల కళ్లద్దాలు అడిగి తీసుకుని, సంచిలోంచి చిన్న స్క్రూడ్రైవరు తీసి బిగించి, తిరిగి ఇచ్చేస్తూ, "ఇప్పుడు చూడండి, మీ మంత్రి పోతున్నాడు" అనేది. మంత్రి నిజంగానే పోయేవాడు.

ఆట ఆవిడకు వాళ్ల నాన్న నేర్పాడు. క్లబ్బు పెట్టింది కూడా ఆయనే. ఆయన పోయాక సెక్రటరీ పని ఆవిడకు వచ్చిపడింది, ఎవరూ అడగకుండానే, ఎవరూ ఓటు వేయకుండానే.

ఆ పనిలో పెద్దక్కకు గిట్టనిది ఒక్కటే, నెలచందా వసూలు. చందా లేకపోతే గదికి అద్దె లేదు, అద్దె లేకపోతే క్లబ్బు లేదు. అయినా అడగడానికి నోరు వచ్చేది కాదు. నెల మొదట్లో పైకప్పు వైపు చూసి, "ఈ మధ్య ఫ్యాను బాగా తిరుగుతోంది కదండీ" అనేది. ఆ మాట వినగానే అందరం జేబులు తడుముకునేవాళ్లం. కొత్తగా చేరిన ఒకాయన పాపం నిజమే అనుకుని, "అవునండీ, గాలి హాయిగా ఉంది" అని మెచ్చుకుని ఇంటికి వెళ్లిపోయాడు.

తలుపు పక్కన ఒక నల్లబల్ల వేలాడేది. దానిమీద సభ్యుల పేర్లు తెల్లరంగుతో, ఒక్కో పేరుకూ ఎదురుగా ఒక గడి. చందా కట్టినవాళ్ల గడిలో సుద్దముక్కతో టిక్కు. వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ దాన్ని చూడకుండా తలుపు దాటలేరు. పెద్దక్కకు అదంటే ఇష్టం లేదు. నాన్న పెట్టింది కదా అని ఉంచేసింది.

మాలో ఒకాయన సిటీబస్సు డ్రైవరు. ఆయన్ను అందరం నిదానం బాబాయి అనేవాళ్లం. ఆయన బస్సెక్కినవాళ్లు కడ్డీని రెండు చేతులా పట్టుకుని దేవుణ్ణి తలుచుకునేవారు. అదే మనిషి బల్ల ముందు కూర్చుంటే, ఎదుటివాళ్లు పేపరు చదివేసి, ఒక కునుకు తీసి లేచినా బంటు కదిలేది కాదు.

"ఏంటి బాబాయ్, ఇంకా సిగ్నలు పడలేదా?" అని అడిగేది పెద్దక్క.

"పడిందమ్మా. అడ్డంగా ఎవరో ఉన్నారు," అనేవాడు తల ఎత్తకుండా.

కొన్నేళ్లకు బాబాయి రిటైరయ్యాడు. అదే ఏడాది ఆయన భార్య మంచాన పడింది. ఆసుపత్రులూ మందులూ మొదలయ్యాయి. నల్లబల్ల మీద ఆయన గడి ఖాళీగా ఉండడం కూడా మొదలైంది. ఎవరూ ఏమీ అనలేదు. కానీ ఆ గదిలో అందరూ చూపు బాగున్నవాళ్లే, కళ్లద్దాలు చేసేది పెద్దక్క కదా.

ఒకరోజు ఆవిడ మధ్యాహ్నమే పైకొచ్చి బాబాయి గడిలో టిక్కు పెట్టేసింది. సాయంత్రం ఆయన వచ్చాడు. తలుపు దగ్గర కాసేపు నిలబడ్డాడు. డస్టరు తీసుకుని ఆ టిక్కు తుడిచేశాడు. తర్వాత ఎప్పటిలాగే కూర్చుని ఒక ఆట ఆడి, అందరికీ చెప్పి వెళ్లాడు. మళ్లీ రాలేదు.

పెద్దక్క ఆయన ఇంటికి వెళ్లింది. ముందుగదిలో మందుల వాసన, కిటికీ చువ్వల మీద ఆరేసిన తువ్వాళ్లు. లోపల భార్య నిద్రపోతోందని ఇద్దరూ గొంతు తగ్గించి మాట్లాడుకున్నారు.

"మోకాళ్లమ్మా. మెట్లెక్కలేకపోతున్నాను," అన్నాడు బాబాయి.

"దానికేముంది, కింద షాపులోనే బల్ల వేస్తాను."

ఆయన నవ్వాడు. "నీకు తెలీనిదేముంది. ఖాళీ గడి కింద కూర్చోవాలంటే నాకు తల కొట్టేసినట్టుంటుంది. నువ్వు నింపిన గడి కింద అసలే కూర్చోలేను."

ఆవిడ తిరిగొచ్చి ఆ పూటే నల్లబల్ల ఊడదీసింది. స్క్రూలు తుప్పు పట్టి ఉంటే తిట్టుకుంటూ తీసింది. బల్ల పోయింది గానీ, జనం చూసింది చూడనట్టు అయిపోదు కదా. బాబాయి రానేలేదు.

ఆ తర్వాత ఆ వరసలోని భవనాలన్నీ ఎవరో కొన్నారు. పాతవి పడగొట్టి కొత్త షాపులు కడతామన్నారు. కళ్లద్దాల షాపు వేరే వీధిలో చిన్న గదిలోకి మారింది, దానికి మేడ లేదు. చివరిరోజు మేమంతా కలిసి బల్లలు కిందికి దించాం. పొట్టికాలు బల్ల ఎవరికి కావాలంటే నలుగురు చేతులెత్తారు. ఖాళీ అయిన గదిలో మాటలు గోడలకు తగిలి తిరిగొస్తుంటే, పెద్దక్క కిటికీ రెక్కలు మూసి, "సరే పదండి" అంది.

ఒక్కొక్కరం ఒక్కో దిక్కు అయ్యాం. ఉద్యోగం కోసం నేనూ ఊరు మారాను. వెళ్లిన చోట ఆడదామంటే మనిషి దొరికేవాడు కాదు. దొరికినా, ఓడిపోతే మొహం ముడుచుకునే రకం. నాలాంటివాళ్లం ఫోన్లు చేసి విసిగిస్తుంటే పెద్దక్క పట్టలేక, "సరే, ఫోన్లోనే పాఠాలు చెబుతాను, కూర్చోండి" అంది.

అలా మొదలైంది. బోర్డు ముందు కూర్చుని ఒక ఆటను విప్పి చెబుతూ వీడియో తీసేది. మేము మా స్నేహితులకు చెప్పాం, వాళ్లు ఇంకొకరికి చెప్పారు. చూస్తుండగానే ఎక్కడెక్కడివాళ్లో చేరిపోయారు. వాళ్లందరి నుంచీ నెలచందా. ఇక చూడాలి పెద్దక్క అవస్థ. ఎవరు కట్టారో తెలియాలంటే ఫోన్లో వాళ్లు పంపిన రసీదుల ఫోటోలు వెతకాలి. కట్టినవాళ్లకు ఒక్కొక్కరికీ పాఠం పంపాలి. గడువు దాటినవాళ్లకు గుర్తుచేయాలి. కట్టనివాళ్లకు పాఠం రెండుసార్లు వెళ్లేది, కట్టినవాళ్లకు ఒక్కసారీ వెళ్లేది కాదు. ఒక నర్సమ్మ ముందుగానే చందా కట్టేస్తే, పెద్దక్క పొరపాటున ఆవిణ్ణే గ్రూపులోంచి తీసేసింది.

"నేనేం తప్పు చేశానండీ?" అని ఆ నర్సమ్మ ఫోన్ చేసి అడిగింది. ఆ మాటకు పెద్దక్కకు ఆరోజు అన్నం సహించలేదు.

అప్పుడే ఆవిడ మేనకోడలు చూడ్డానికి వచ్చింది. ఏదో కంపెనీలో వెబ్‌సైట్లు తయారుచేసే ఉద్యోగం ఆ అమ్మాయిది. సోఫాలో ఫోను పట్టుకుని కూర్చున్న అత్తనూ, మూలన దుమ్ముపట్టిన బోర్డునూ చూసింది.

"నువ్వు ఆడి ఎన్నాళ్లయింది అత్తా?"

పెద్దక్క ఆలోచించింది. గుర్తుకు రాలేదు. "క్లబ్బు నడుపుతున్నానో కరెంటుబిల్లుల కౌంటరు నడుపుతున్నానో నాకే తెలీడం లేదే," అంది.

మేనకోడలు కాఫీగ్లాసు కింద పెట్టి వివరంగా చెప్పింది. క్లబ్బుకు సొంతంగా ఒక వెబ్‌సైటు పెడదాం, సభ్యత్వాల పనంతా చూసుకునే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి, అందులో ఒకటి తగిలిద్దాం అంది.

"అంటే గుమ్మంలో కాపలావాణ్ణి పెడతానంటావు."

"అలాగే అనుకో. చందా కట్టగానే వాడే తలుపు తీస్తాడు, వాడే రసీదు ఇస్తాడు. కొత్తగా చేరినవాళ్లకు మొదటి పాఠం నుంచి వరసగా తెరుస్తాడు. గడువు దగ్గరపడితే ముందుగానే గుర్తుచేస్తాడు. ఎవరైనా మర్చిపోతే మెడపట్టి గెంటడు, నువ్వు ఎన్నాళ్లు ఆగమంటే అన్నాళ్లు ఆగుతాడు."

"డబ్బులు అడిగేది కూడా వాడేనా?"

"వాడే."

పెద్దక్క చేతిలో ఫోను సోఫా మీద పడేసింది. "ఇన్నేళ్లూ ఎక్కడ చచ్చాడే వీడు," అంది చివరికి.

ఇంకో అనుమానం మిగిలింది. కట్టలేనివాళ్ల సంగతేంటి అని అడిగింది. వాళ్లకు ఉచితంగా సభ్యత్వం ఇవ్వొచ్చని చెప్పింది మేనకోడలు.

"ఎవరిది ఉచితమో మిగతావాళ్లకు తెలుస్తుందా?"

"తెలీదు. నీకొక్కదానికే కనబడుతుంది."

"పేరు పక్కన గుర్తు లాంటిదేమీ ఉండదా?"

"ఎందుకుంటుంది అత్తా? లోపలికొస్తే అందరూ సభ్యులే."

పెద్దక్క లేచి వంటింట్లోకి వెళ్లింది. గ్లాసులు కడుగుతున్నట్టు చాలాసేపు నీళ్ల చప్పుడు వినిపించిందని మేనకోడలు తర్వాత నాతో చెప్పింది.

బాబాయి ఒక్కడికే ఉచితమంటే ఆయన ఒప్పుకోడని పెద్దక్కకు తెలుసు. అందుకని ఆ సాఫ్ట్‌వేర్‌లో వేరే తరగతి ఒకటి పెట్టించింది. పాత గదిలో ఆడినవాళ్లందరూ జీవితకాలం సభ్యులే, చందా అక్కర్లేదు, కట్టాలనిపిస్తే కట్టొచ్చు. ఆ సంగతి చెబుతూ ఉత్తరం నాకూ వచ్చింది. నాలాంటివాళ్లం చాలామంది మామూలుగానే కట్టాం. ఎవరు కట్టారో ఎవరు కట్టలేదో ఇప్పటికీ నాకు తెలియదు.

అదంతా సిద్ధమయ్యాక బాబాయికి ఫోన్ చేసింది.

"నా ఒక్కడికేనా ఇది?" అన్నాడాయన, అనుమానంగా.

"నీ ఒక్కడికే ఎందుకిస్తాను? నువ్వేమన్నా అంత గొప్ప ఆటగాడివా?"

అవతల నవ్వు వినిపించింది. ఆ నవ్వు చాలా కాలం తర్వాత విన్నానని పెద్దక్క నాతో అంది.

వెబ్‌సైటులో సభ్యులు కబుర్లు చెప్పుకునే చోటు ఒకటి ఉంది. దానికి పెద్దక్క 'మెట్ల దగ్గర' అని పేరు పెట్టింది. వెనకటికి ఆటలయ్యాక ఇంటికి బయల్దేరినవాళ్లం మెట్ల దగ్గరే ఇంకో గంట నిలబడిపోయేవాళ్లం. ఒక మధ్యాహ్నం అక్కడ కొత్త వాక్యం కనబడింది. "బస్సు వచ్చింది. ఆలస్యానికి ప్రయాణికులు మన్నించాలి." నేను ఆఫీసులో ఉన్నానన్న సంగతి మర్చిపోయి పైకే నవ్వాను. కాసేపట్లో పాతవాళ్లం అందరం అక్కడ పోగయ్యాం. టిక్కెట్టు అడిగినవాడు ఒకడు, చిల్లర లేదన్నవాడు ఇంకొకడు.

అక్కడ రోజుకొక ఎత్తు వేసే ఆటలు కూడా ఉన్నాయి. అవి బాబాయి కోసమే కనిపెట్టినట్టు ఉండేవి. భార్యకు మందులిచ్చి, గంజి తాగించి, ఆవిడ నిద్రపోయాక తెరిచి చూసుకునేవాడు. తొందరపెట్టేవాళ్లు లేరు. ఆయన నిదానం తప్పు కాకుండా పోయిన మొదటి చోటు అదే.

అన్నీ బాగానే జరిగాయని చెప్పను. సాఫ్ట్‌వేర్‌వాళ్లకు మనమూ నెలనెలా కట్టాలని తెలిసి పెద్దక్క మొదట నోరెళ్లబెట్టింది. పాత సభ్యుల్లో ప్రెస్సు నడిపిన ఒకాయన ఎంత బతిమాలినా చేరలేదు. "తెర మీద బంటుకు బరువుండదమ్మా" అన్నాడు. ఆయన మాట తీసిపారేయలేం. ఒక్కోసారి నాకూ ఆ చెక్కబంటును వేళ్ల మధ్య తిప్పాలనిపిస్తుంది. కానీ పెద్దక్క చేతికి సాయంత్రాలు తిరిగొచ్చాయి. చందా గుర్తుచేసే ఉత్తరంలో ఏం రాయాలని మేనకోడలు అడిగితే, ఫ్యాను బాగా తిరుగుతోందని రాయమంది. కింద అసలు అర్థం కూడా రాయాల్సొచ్చింది, కొత్తవాళ్లకు తెలియాలి కదా.

బాబాయి భార్య కాస్త లేచి తిరగడం మొదలుపెట్టాక, బంట్లతో ముగిసే ఆటల మీద ప్రతి మంగళవారం పాఠాలు చెప్పమని పెద్దక్క ఆయన్ను అడిగింది. పాఠం చెప్పినందుకు క్లబ్బు నుంచి జీతం అంది. ఆయన వారం రోజులు ఆలోచించి ఒప్పుకున్నాడు. మొదటి పాఠంలో ఆయన గొంతు ఎవరికీ వినబడలేదు. వెనకనుంచి భార్య గొంతు మాత్రం స్పష్టంగా వినబడింది. "గట్టిగా చెప్పండి, బస్సులో అరిచేవారు కదా."

పోయినేడు పక్క ఊళ్లో పోటీలు జరిగితే పెద్దక్క పేరు ఇచ్చింది. చిన్నతనంలో ఆడాక మళ్లీ పోటీకి వెళ్లడం అదే. తోడుగా నేనూ వెళ్లాను. పెద్ద హాలు, పొడుగు బల్లలు, నేల మీద కుర్చీలు జరిపే చప్పుడు. ఆవిడ వరసగా గెలుచుకుంటూ పోయింది. ఆఖరి ఆట ఒక కాలేజీ అమ్మాయితో. ఇద్దరి దగ్గరా రాజూ కొన్ని బంట్లూ మాత్రమే మిగిలాయి. పెద్దక్క గెలిచేలాగే కనిపించింది. ఆ అమ్మాయి తొందరపడలేదు. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని చాలాసేపు చూసి, ఎవరూ అనుకోని బంటును జరిపింది. ఆ తర్వాత చేయడానికేమీ లేకపోయింది.

పెద్దక్క చెయ్యి కలిపి, "ఎవరమ్మా నీకు నేర్పింది?" అని అడిగింది.

ఆ అమ్మాయి సిగ్గుపడింది. "మన క్లబ్బులోనే అండీ. మంగళవారం పాఠాల్లో. మీతో మాట్లాడదామని పొద్దున్నుంచీ చూస్తున్నాను, భయమేసింది."

తిరుగుదారిలో బస్సు దాదాపు ఖాళీ. పెద్దక్క కిటికీ పక్కన కూర్చుని మొహం బయటికి తిప్పుకుంది. ఓడినందుకు బాధపడుతోందేమో అనుకున్నాను. తిరిగి చూస్తే కళ్లు తుడుచుకుంటూ నవ్వుతోంది. ఫోను తీసి బాబాయికి కలిపింది.

"నువ్వు చెప్పిన పాఠంతో నన్నే ఓడించారు బాబాయ్."

అవతల ఎప్పటిలాగే చాలాసేపు నిశ్శబ్దం. ఫోను కట్ అయిందేమో అనుకుని ఆవిడ చెవి దగ్గర్నుంచి తీసి చూసింది. కట్ కాలేదు.

"అలాగా," అన్నాడు చివరికి. "ఏ బంటు?"