ఉప్పు తినని మీట

ఆవిడ ముఖం కంటే ఆ మాటే నాకు బాగా గుర్తు. పోర్ట్ బ్లెయిర్ ఆఫీసులో నా పక్క సీట్లో టైపు చేసే దీదీ, ఏది పాడైనా ఒకటే అనేది: “ఉప్పు తినేసింది భయ్యా.” సముద్రపు గాలికి తుప్పు పట్టిన కిటికీ ఊచలకూ అదే, మొగుడి బోటు ఇంజనుకూ అదే. చిన్నప్పుడు వండూర్ తీరంలో చేపలకు ఉప్పు పట్టించీ పట్టించీ బీటలు వారిన తన వేళ్ళకూ అదే.

పాత కీబోర్డులు పారేసే ముందు పనికొచ్చేవి ఏరమని ఆవిడకే అప్పగించారు. గాజుకు వేలాడే పిన్నీసుతో మీట పైతొడుగు లేపేది, లోపలి స్విచ్ చూసేది, నిట్టూర్చి పక్కన పడేసేది. అన్నీ తుప్పే.

చివరిదాంట్లో పిన్నీసు స్విచ్‌కు అతుక్కుపోయింది.

“ఏటిది? సుంబక్‌లాగుందే!”

విప్పి చూస్తే నిజంగానే లోపల చిన్న అయస్కాంతం. నొక్కితే కిందికి దిగుతోంది గానీ దేన్నీ తాకడం లేదు. అయినా కంప్యూటర్‌కు తగిలించి నొక్కగానే తెర మీద అక్షరం పడింది.

“దేన్నీ ముట్టుకోకుండానే పని సేస్తంది భయ్యా. అందుకే దీన్ని ఉప్పు తిననేదు.”

“ఉంచేద్దామా దీదీ?”

పిన్నీసు మళ్ళీ గాజుకు తగిలించుకుని, బీటల వేళ్ళు ఒళ్ళో పెట్టుకుంది.

“ఉంచు. దేన్నీ ముట్టుకోకుండా బతకడం దీనికొక్కదానికే కుదిరింది.”